పోన్మె ఉన్ కఫే

"ఒక్క కాఫీకి ఇంత బతిమాలాలా నాయనా?" అని మా ఆఫీసు కింద బార్ నడిపే ఆవిడ పదిమంది ముందు అనేసరికి నా చెవులు వేడెక్కిపోయాయి. (మాడ్రిడ్‌లో బార్ అంటే కంగారు పడకండి, పొద్దున్నే కాఫీ, టమాటా గుజ్జు రాసిన టోస్టు దొరికేది కూడా అక్కడే.) ఇంతకీ నేనేం తప్పు మాట్లాడాను? హైదరాబాద్‌లో ఆరేళ్లు అమెరికా క్లయింట్ల కాల్స్‌లో అరగదీసిన మర్యాదనంతా స్పానిష్‌లోకి తిప్పి "దయచేసి నాకొక కాఫీ ఇవ్వగలరా" అన్నాను, అంతే. నా వెనక నిలబడ్డవాడు "పోన్మె ఉన్ కఫే", అంటే నాకో కాఫీ వెయ్యి, అని ఒక్క ముక్కలో తేల్చేసి నాకంటే ముందే తాగి వెళ్లిపోయాడు.

పోనెర్ అంటే పెట్టడం, వెయ్యడం. కొత్తలో ఆవిడ పాలు కాస్తూ "కే తె పోంగో?" అంటే పాలు పొంగాయేమోనని నిజంగానే గిన్నె వైపు చూశాను. నీకేం వెయ్యమంటావు అని అడుగుతోందట. పోనెర్‌లో లేని ఆ "గో" ఎక్కడినుంచి ఊడిపడిందో, "నేను" అన్నప్పుడే వస్తుంది, పోనెస్, పోనె అన్నప్పుడు మాయమైపోతుంది. తెంగో, వెంగో, సాల్గో, వీటన్నిటిదీ అదే జబ్బు. ఎదుటివాళ్లకి చెప్పాలంటే మళ్లీ తోక కత్తిరించి ఉత్త "పోన్". ఓ రోజు నేను లెక్క ప్రకారమే కదా అని "పోనేమె" అన్నాను. మా టీమ్‌లో అర్జెంటీనా కుర్రాడు పగలబడి నవ్వి, మా దేశంలో అయితే నువ్వన్నదే కరెక్టు అన్నాడు. అక్కడ "నువ్వు"కి వోస్ అనే వేరే మాట ఉంది, దానికి క్రియ అలాగే వస్తుంది. ఆ ఒక్క రోజు నాకు అర్జెంటీనా మీద ఎంత ప్రేమ పుట్టిందో.

తమాషా ఏంటంటే కోడి గుడ్డు పెట్టినా, పిల్లకి పేరు పెట్టినా, టీవీ పెట్టినా ఇక్కడ పోనెరే. కళ్లజోడు పెట్టుకుంటే పోనెర్సె. మన పెట్టు, పెట్టుకో లాగే. ఇంగ్లీషు మీదుగా వెళ్లినన్నాళ్లూ నెలల తరబడి తిప్పలు పడ్డాను, తెలుగులోంచి చూస్తే సగం తెలిసిన మాటే.

తెలిసినా నోరు పెగలదే! ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. మనం మాత్రం హోటల్లో దయచేసి అంటామా అంటే అనం, ఆ మాట నేను విన్నదల్లా విజయవాడ స్టేషన్ మైకులోనే. తెనాలిలో బండి దగ్గర "బాబాయ్, ఇంకో రెండిడ్లీ వెయ్యి, కారప్పొడి కాస్త ఎక్కువెయ్యి" అంటాం. కానీ ఆ "బాబాయ్" ఉంది చూశారూ, "వెయ్యి"ని కాపాడేది అదే. అది తీసేసి ఉత్తినే "వెయ్యి" అని చూడండి, గరిటె ఎటు తిరుగుతుందో. ఇక్కడ ఆవిడ నన్ను "ఇహో" అంటుంది, కొడుకా అని, హాయిగా. నేను తిరిగి పిలవడానికి మాత్రం వరసే లేదు. తీయా అంటే పిన్ని అని డిక్షనరీలో ఉంది, కానీ కుర్రకారు స్నేహితురాళ్లని పిలుచుకునే మాట అది, బార్లో పెద్దావిడని అంటే పరువు పోతుంది. పోనీ "వెయ్యండి" అన్నట్టు "పోంగమె" అంటే, నేనంత ముసలిదాన్నా అని అలిగింది.

మొత్తానికి పోయిన సోమవారం "పోన్మె ఉన్ కఫే" అనేశాను, చివర్లో "పిన్నీ" అని లోపల్లోపల అనుకుని. ఆవిడ తలెత్తకుండానే కప్పు పెట్టింది. మంగళవారం వెళ్లేసరికి తనే ముందు "కే తె పూసె అయేర్?" అంది.

పూసే అనగానే నేను బంతిపూల దగ్గరే ఆగిపోయాను. నిన్న నీకేం వేశాను అని అడుగుతోందట.