ఇంటిపేరు ఏ క్రోమోజోమ్‌లో ఉంటుంది?

ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని డీఎన్ఏ పరీక్షకు వెళ్లేవాళ్లు చాలామంది తప్పు కిట్ కొంటారు. మామూలుగా దొరికేది ఆటోసోమల్ పరీక్ష. అది 22 జతల క్రోమోజోములు చదివి అమ్మవైపు, నాన్నవైపు అందరినీ కలగలిపి చూపిస్తుంది. తప్పిపోయిన దగ్గరి చుట్టాలను పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు గానీ, పేరు జాడ అందులో తేలదు. తండ్రి పేరు కొడుక్కి వచ్చే కుటుంబాల్లో ఆ పేరు వెంట నడిచేది వై క్రోమోజోమ్ ఒక్కటే.

అది మగవాళ్లకే ఉంటుంది కాబట్టి ఆడవాళ్లు నాన్నదో, అన్నదమ్ములదో, బాబాయిదో నమూనా ఇప్పించాలి. పెదనాన్న కొడుకుదైనా సరే. మేనత్త కొడుకుది మాత్రం పనికిరాదు, అతని వై వాళ్ల నాన్నది.

వై పరీక్షలో 12 మార్కర్లు (వైలో ఇద్దరివీ పోల్చిచూసే చోట్లు) కలిశాయని సంబరపడితే మోసపోతారు. ఏ సంబంధమూ లేనివాళ్లకీ ఆ 12 కలవొచ్చు. కనీసం 37 ఉండాలి, 111 అయితే మేలు. 37లో ఒకటి రెండు తేడాలుంటే మూలపురుషుడు ఒకడే కావచ్చు. ఏడెనిమిది తేడాలొస్తే పేరు ఒకటే అయినా వంశాలు వేరనుకోవడమే మంచిది.

ఒక్కరి ఫలితంతో తేలేది ఏమీ లేదు. కాగితాల ప్రకారం ఐదారు తరాల కింద విడిపోయిన రెండు శాఖల నుంచి చెరో మగవాణ్ని పరీక్షించాలి. ఇద్దరివీ కలిస్తే ఆ ముత్తాత ముత్తాత వై చేతికొచ్చినట్టే. కలవకపోతే మధ్యలో ఎక్కడో దత్తతో, పేరు మార్పో, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడమో, బయటికి చెప్పని తండ్రో ఉంటారు. ఏ శాఖలో తెగిందో మూడో శాఖవాడు చెబుతాడు: అతనిది మొదటి ఇద్దరిలో ఎవరితో కలిస్తే, కలవని ఆ మిగిలినవాడి శాఖలో వెతకాలి.

రాజవంశాలకూ ఇది తప్పలేదు. 2012లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికిన ఆ దేశపు పాత రాజు మూడో రిచర్డ్ ఎముకల మైటోకాండ్రియా డీఎన్ఏ (తల్లి నుంచి మాత్రమే వచ్చేది) ఆయన అక్క సంతతితో కలిసింది. తండ్రి వరసలో బతికున్న ఐదుగురి వై మాత్రం ఒక్కటీ కలవలేదు. ఆ ఐదుగురిలో ఒకడు మిగతా నలుగురితోనూ కలవలేదు!

వై కలిసినా పేరుకు అర్థమేమిటో అది చెప్పదు. ఒకే మూలమా, చాలా మూలాలా అన్నదే చెబుతుంది. ఇంగ్లండ్‌లో స్మిత్ అంటే కమ్మరి. ఎక్కడి కమ్మరికి అక్కడ ఆ పేరు వచ్చింది కాబట్టి ఇద్దరు స్మిత్‌లు చుట్టాలు కానక్కర్లేదు. 2000లో జన్యు శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షిస్తే సగానికి కాస్త తక్కువమందిలో ఒకే వై కనిపించింది. ఆ పేరు ఒక్కడితోనే మొదలై ఉండాలని ఆయన అన్నారు. పేరు అరుదైనదయ్యేకొద్దీ ఇలా కలిసే అవకాశం పెరుగుతుంది. అర్థం కోసం పాత పన్ను పద్దులు, భూమి దస్తావేజులు తిరగేయాల్సిందే.

ఇక నమూనా. ఉమ్మి కిట్ అయితే అరగంట ముందు నుంచి తిండి, నీళ్లు, చూయింగ్ గమ్, సిగరెట్ ఏవీ వద్దు. గీత దాకా నిండాల్సింది ఉమ్మి, నురగ కాదు. నురగను లెక్కేస్తే అసలు ఉమ్మి తక్కువై ల్యాబ్ తిప్పి పంపుతుంది. మూత బిగించాక అందులోని ద్రవం కిందికి దిగిందో లేదో చూసి ఊపండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేరోజు ఇస్తుంటే ట్యూబుల మీది కోడ్‌ను ఉమ్మేముందే ఎవరి పేరున వాళ్లకు నమోదు చేయండి. కిట్లు తారుమారైతే బాబాయి ఖాతాలో మీ ఫలితం కూర్చుంటుంది.

మీ మూలాలు ఏ ప్రాంతానివో శాతాల్లో చూపే రంగుల పటం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, మీ డీఎన్ఏను కంపెనీ పోల్చిచూసే జనాల గుంపులు మారినప్పుడల్లా అదీ మారుతుంది.

వయసులో పెద్దవాళ్లవి ముందు చేయించండి. ఫలితం ఎలాగైనా రావచ్చని, నాన్న అనుకున్నాయన నాన్న కాదని తేలినా తేలవచ్చని, ట్యూబు చేతికిచ్చే ముందే వాళ్లకు చెప్పాలి.