ప్లైవుడ్ కింద

ఆదివారం. ఇవాళ బండి లోపల రేకుకి ఎండా చలీ ఆపే ఫోమ్ అతికించాలనుకున్నాను. సాయంత్రం ఆరయినా ఆ చుట్ట విప్పనేలేదు, వరండాలో గోడకు ఆనుకునే ఉంది.

రెండు వారాల క్రితం కొన్న పాత మారుతి ఈకో కార్గో, సరుకులు మోసే వ్యాను ఇది. ఇంతకుముందు భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యల ట్రేలు మోసిందట. వెనకాల ఒక మంచం, స్టవ్ పెట్టుకునే అర, నీళ్ల క్యాన్. మారేడుమిల్లి వైపు వెళ్తే రాత్రి అందులోనే పడుకోవాలని నా ఆశ.

పొద్దున్నే కింద పరిచిన ప్లైవుడ్ ఊడదీయబోయాను. సగం స్క్రూలు తలలు అరిగిపోయి మొరాయించాయి. డ్రిల్లుతో ఆ తలలు కోసేసి ప్లై లేపితే గుప్పుమని రొయ్యల వాసన. రేకంతా ఎర్రగా, పొరలు పొరలుగా తుప్పు. ఐసు కరిగిన నీళ్లూ చెరువు ఉప్పూ ప్లై కిందకి దిగి, ఏళ్ల తరబడి ఆరకుండా ఉండిపోయాయి. ఉప్పు తడి రేకును ఊరికే తినేస్తుంది.

మా ఆవిడ టీ తెచ్చి, లోపలికి తొంగిచూసి, "బండి కొన్నారా, తుప్పు కొన్నారా?" అంది.

వీధి చివర టింకరింగ్ షెడ్డు బాబాయ్‌ని పిలుచుకొచ్చాను. ఆయన స్క్రూడ్రైవర్ పెట్టి అంగుళం అంగుళం పొడిచి చూశారు. రెండు చోట్ల అది కిందకి దిగిపోయింది. "అబ్బాయ్, ఈ రెండూ కోసి కొత్త రేకు అతకాలి. మిగతాది గీకితే బతుకుతుంది. నువ్వు మాత్రం కింద పెట్రోలు పైపు ఎటు పోతోందో చూడకుండా డ్రిల్ పెట్టకు" అన్నారు. నేను పొద్దున పెట్టింది చూడకుండానే. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ముందు సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగాను, ఉప్పు పోవాలి కదా. ఆరాక గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించాను. నిప్పురవ్వలు పడితే అద్దం మీద గుంటలు పడతాయని బాబాయ్ చెప్పడంతో అద్దాలకు తడి గోనె సంచులు కప్పాను. గీకిన చోట తుప్పు మందు పూస్తే కాసేపటికి నల్లబడింది. రేపు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్.

ఇలా వ్యానులో మంచం, స్టవ్ అమర్చుకునే వీడియోల్లో చూస్తే అన్నీ తళతళలాడే తెల్లటి ఫ్లోర్ మీదే మొదలవుతాయి. ఈ గీకుడు ఎవరూ చూపించరు. దీన్ని వదిలేసి ఫోమ్ వేస్తే తుప్పు పొరతో పాటే ఊడొచ్చేది. ఆ సందులో మా ఊపిరి తడి చేరి, చల్లటి రేకు మీద నీళ్లు కట్టేది. ముందు సీట్ల కింద మాత్రం ఏమీ అతికించను. ఇంజిన్ అక్కడే ఉంది, ఏ రిపేరొచ్చినా ఆ సీటు ఎత్తాల్సిందే.

పక్కకి కిటికీ కోయాలన్న సరదా ఉంది గానీ అది ప్రస్తుతానికి ఆపాను. ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండి మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. మంగళవారం రవాణా ఆఫీసుకు వెళ్లి అడగాలి.

చీకటి పడేముందు నేను టార్చితో లోపల కూర్చుని తలుపులు మూసుకున్నాను. మా ఆవిడ బయట నుంచి పైపుతో టాపు మీద నీళ్లు కొట్టింది. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వెనక లైటు పక్కన ఒక బొట్టు, మెల్లగా ఇంకోటి.

చాక్‌పీస్‌తో అక్కడ సున్నా చుట్టాను.

"అయిపోయిందా?" అని అరిచింది బయట నుంచి.

"ఇంకాస్త కొట్టు" అన్నాను.