గుత్తి పేరున్న నీలం సాలీడు

మాది గుంతకల్లు. నాయన రైల్వేలో పనిచేసేవాడు. గుత్తి మాకు పక్కూరే. కోట ఎక్కడానికి పోయేవాళ్లం, చుట్టాల పెళ్లిళ్లకు పోయేవాళ్లం. ఏ దేశంలోనైనా టరంటులాలు, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు, పెంచేవాళ్లకు ఆ ఊరి పేరు తెలుసన్న సంగతి మాత్రం నాకు డల్లాస్ వచ్చాకే తెలిసింది. ఒక రెప్టైల్ షోలో సాలీడున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద ‘గూటీ సఫైర్’ అని రాసి ఉంటే, ఇది మన గుత్తేనా అని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. అప్పటికే నా దగ్గర మెక్సికో ఎర్రమోకాళ్ల టరంటులా ఒకటి ఉంది. అది నెమ్మదస్తురాలు, మంచి జీవి. కానీ ఈ వ్యాపకం నాలో పాతుకుపోయింది మాత్రం గుత్తి సాలీడు వల్లే.

దాని శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆయనకు అందిన ఆడ సాలీడు గుత్తి రైల్వే స్టేషన్ కలప యార్డులో దొరికింది. నిజానికి ఇది గుత్తి జీవి కాదు. గుత్తి చుట్టూ ఉన్నవి రాళ్ల గుట్టలు, మెట్ట చేలు. ఇది బతికేది పెద్ద చెట్ల తొర్రల్లో. అడవిలో కొట్టిన దుంగలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంచనా. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది.

అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ దారి నాకు బాగా తెలుసు. గుంటూరు పోయే ప్యాసింజర్‌లో చలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా కిటికీ పక్కన కూర్చుని ఆ చెట్లు చూస్తూ పోయినదాన్నే. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ సాలీడును అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. అప్పటికి ఇది ఉన్నట్టు తెలిసిన అడవి మొత్తం వంద చదరపు కిలోమీటర్ల లోపే. అందులోనూ కలపకీ వంటచెరకుకీ చెట్లు పోతూనే ఉన్నాయి. లేత చెట్లున్న అడవి దీనికి పనికిరాదు, తొర్ర పడేంత ముదురు చెట్టు కావాలి. తొర్రలు తక్కువైన చోట పెద్ద సాలీడూ పిల్లలూ ఒకే తొర్రలో కలిసి ఉండటం కూడా చూశారు. మామూలుగా టరంటులాలు ఒంటరిగా ఉంటాయి, పక్కనున్నదాన్ని తినేస్తాయి. ఇవి మాత్రం సర్దుకుంటున్నాయి.

నేను తెచ్చుకున్నప్పుడు పిల్ల గోరంత ఉంది, బూడిద రంగులో. పెంచేవాళ్లు పిల్లను స్లింగ్ అంటారు. మందుల సీసా సైజు డబ్బాలో అడుగున కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వేసి, ఒక మూల మాత్రం తడిపి, కార్క్ బెరడు ముక్క నిలువుగా పెట్టాను. చెట్టు మీద బతికే జాతి కాబట్టి డబ్బాకు వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం, గాలి ఆడటం ఇంకా ముఖ్యం. వారానికోసారి చిన్న కీచురాయి, అది దొరక్కపోతే డూబియా బొద్దింక కాలు ముక్క. డూబియా అంటే వంటింట్లో తిరిగేవి కాదు, ఇలాంటి జీవుల మేతకే పెంచే రకం. తినగా మిగిలింది మర్నాడు పట్టకారుతో తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది.

కుబుసం కుబుసానికీ నీలం పెరుగుతూ వస్తుంది. ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల్లో ఉండే అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురులోని నీలాన్ని తిప్పి పంపుతుంది. పెద్దదయ్యాక వీపు మీద తెల్లటి ముగ్గు, ముందు కాళ్ల అడుగున పసుపు పట్టీలు. ఫోటోలో చూసి రంగు పెంచారేమో అంటారు చాలామంది. ఎదురుగా చూస్తే ఫోటోనే తక్కువ అనిపిస్తుంది.

కుబుసం విడిచే ముందు అది వారాల తరబడి తినదు. కార్క్ గొట్టం మూతి దగ్గర దట్టంగా పట్టు అల్లేసి లోపలే ఉండిపోతుంది. కొత్తగా పెంచేవాళ్లకు ఇక్కడే టెన్షన్. జబ్బు చేసిందనుకుని కదిలిస్తారు, బలవంతంగా మేత వేస్తారు. ఆ సమయంలో బతికున్న కీచురాయిని లోపల వదలనే కూడదు. మెత్తబడి కదలలేని సాలీడును అది కొరికేస్తుంది. నీళ్ల గిన్నె నింపి వదిలేయడం తప్ప మనం చేసేది ఏమీ లేదు.

నా ఆడ సాలీడు ఒకసారి గొట్టం బయట, నాకు కనపడే చోటే పరుపు అల్లుకుని వెల్లకిలా పడుకుంది. తల మీది గట్టి పెంకు అంచు చుట్టూ చీలి ముందు విడిపోయింది. తర్వాత కాళ్లు. బిగుతు గాజులోంచి చెయ్యి తీసినట్టు, కాస్త లాగడం, ఆగడం, మళ్లీ లాగడం. ఎనిమిది కాళ్లూ కలిసే బయటికొస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. కొత్త కోరలు పాలంత తెల్లగా ఉన్నాయి. అవి ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడేదాకా మేత పెట్టకూడదు, గట్టిపడని కోర విరిగే ప్రమాదముంది.

వదిలేసిన తోలును నేను పారేయను. ఆడో మగో తేల్చేది అదే. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి నానబెట్టి, ముడుచుకుపోయిన పొట్ట భాగాన్ని సన్నటి బ్రష్‌లతో విప్పుతాను. లోపలివైపు పుస్తకాకార ఊపిరితిత్తుల గుర్తులు నాలుగు తెల్లగా కనిపిస్తాయి. పై రెండింటి మధ్యన చిన్న సంచి మడత ఉంటే ఆడది. ఇది తెలుసుకోవడం సరదా కోసం కాదు. ఆడది పదేళ్లు దాటి బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లే.

చేత్తో పట్టుకుంటావా అని అందరూ అడుగుతారు. పట్టుకోను. అమెరికా ఖండాల టరంటులాలు చాలావాటికి పొట్ట మీద దురద నూగు ఉంటుంది, బెదిరితే దాన్ని కాళ్లతో రేపి మన మీదికి వదులుతాయి. మన వైపు జాతులకు ఆ నూగు లేదు, ఉన్నది వేగం, విషం. గుత్తి సాలీడు కుటుంబమైన పోసిలోథీరియా రకాలు కరిస్తే కండరాలు విపరీతంగా పట్టేస్తాయి, తగ్గిందనుకున్నాక మళ్లీ రావచ్చు. డబ్బా తెరిచే ముందు సాలీడు ఎక్కడుందో కంటితో చూసుకుంటాను. కనపడకపోతే ఆ రోజు తెరవను. మా పాప రోజూ చూస్తుంది, తాళం చెవి మాత్రం నా దగ్గరే.

"ఆ పురుగులతో నీకేం పనే తల్లీ" అనేది అమ్మ. ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే "అది తోలు ఇడిసిందా?" అని అడుగుతుంది.

సీమ నుంచి తమ్ముళ్లు కొందరు మెసేజ్ పెడుతుంటారు: అక్కా, మేమూ ఆ అడవికి పోయి ఒకటి తెచ్చుకోవచ్చా అని. వద్దు నాయనా. అది రిజర్వు ఫారెస్టు. ఒక ఆడదాన్ని తెస్తే అది పెట్టబోయే గుడ్లన్నీ అడవికి దక్కకుండా పోయినట్టే. పట్టడానికి బెరడు పీకితే తొర్ర కూడా పోతుంది. 2019 నవంబరు నుంచి పోసిలోథీరియా జాతులన్నీ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. ఇక్కడ మేం పెంచేవి తరాలుగా డబ్బాల్లోనే పుట్టినవి. అయినా వాటి ముత్తవ్వలు ఎవరో ఒకరు ఆ అడవి నుంచి తెచ్చినవే, అది నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. అందుకే ఎవరి దగ్గర కొన్నా తల్లి ఎవరిది, గుడ్లసంచి ఎప్పటిది అని అడుగుతాను. చెప్పలేనివాళ్ల దగ్గర కొనను, ఎంత చవకైనా సరే.

నా రెండో మెటాలికా మగదని తేలింది. ఈమధ్యే చివరి కుబుసం విడిచింది. నోటి పక్కనున్న రెండు చిన్న కాళ్ల కొసలు గుండ్రంగా ఉబ్బాయి, రంగు కాస్త వెలిసింది, మేత మానేసి రాత్రంతా డబ్బా చుట్టూ తిరుగుతోంది. ఒహాయోలో ఆడ సాలీడు ఉన్న ఒకావిడకు దాన్ని పంపుతున్నాను. రాత్రుళ్లు చలి తగ్గగానే తడి టిష్యూ పరిచిన కప్పులో పెట్టి, ఒక్క రాత్రిలో చేరే కొరియర్‌లో వేస్తాను. పిల్లలు పుడితే చెరి సగం. నా వాటాలోవి మొదటిసారి పెంచేవాళ్లకు ఇవ్వను. ముందు నెమ్మదిగా ఉండే కర్లీ హెయిర్ రకం టరంటులా ఒకటి తెచ్చుకుని ఏడాది పెంచి రమ్మంటాను.