కొత్త నాటుపెట్ట మందలో కలుస్తోంది

మా పెరట్లో ఒక పుంజు, మిగతావన్నీ గ్రామప్రియ పెట్టలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం ఇది. గుడ్లకు ఢోకా లేదు, కానీ పొదుగుడుకు కూర్చోదు. ఇంట్లోనే పిల్లలు చేయించాలని సంతలో నాటుపెట్టను కొన్నాను.

తెచ్చిన రోజే మందలో వదల్లేదు. సంత కోడి వెంట కొక్కెర తెగులు వస్తే ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకని ఇంటి అవతలి వైపు 3 వారాలు విడిగా ఉంచాను. గిన్నెలు వేరు. ముందు పాతవాటి పని ముగించుకుని చివర్లో దీని దగ్గరికి వెళ్లడం, రాగానే చేతులు, చెప్పులు కడుక్కోవడం. ఈలోగా నట్టల మందు పట్టించాను. ముడ్డి దగ్గర ఈకలు విడదీస్తే పేలు కనిపించాయి. పశువుల డాక్టరు ఇచ్చిన పొడి చల్లి, ఈరుల నుంచి కొత్తవి పుడతాయి కాబట్టి వారానికి మళ్లీ చల్లాను.

తర్వాత జాలీ. అత్తయ్య గంప కింద పెట్టి పెరట్లో ఉంచమన్నారు. ఆలోచన అదే, కాకపోతే ఈ ఎండకు గంపలో ఉడికిపోతుందని నీడలో జాలీ కట్టాను. ఒకదాన్నొకటి చూస్తాయి, పొడవలేవు. మేత జాలీకి అటూ ఇటూ దగ్గరగా పోశాను. మొదట్లో పాతవి మెడ ఈకలు నిక్కబొడుచుకుని జాలీని పొడిచేవి. ఎప్పుడైతే దాన్ని పట్టించుకోకుండా నూకలు ఏరుకోవడం మొదలుపెట్టాయో, అప్పుడే తలుపు తీశాను.

ఆదివారం సాయంత్రం, గూటికి చేరే గంట ముందు వదిలాను. మేత గిన్నెలు 3 చోట్ల, నీళ్లు 2 చోట్ల. గోడకు ఒక తడిక వాలుగా ఆనించాను, వెనక్కి దూరి ఇంకోవైపు నుంచి బయటపడేలా. మూల ఉంటే ఇరుక్కుపోతుంది, అది చాలా ప్రమాదం. పుంజు ఏమీ అనలేదు. పెద్దపెట్ట ఒక్క పోటు పొడిచి తన దారిన పోయింది. వదలకుండా తరిమింది మాత్రం మందలో అందరికన్నా కింద ఉన్న పెట్ట! ఇన్నాళ్లకు తన కింద ఒకటి దొరికింది మరి.

తల మీద పొడిస్తే నేను మధ్యలోకి వెళ్లను. వరస అవే తేల్చుకోవాలి. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయాలి, ఎరుపు చూస్తే అన్నీ ఎగబడతాయి. మంగళవారం తురాయి మీద చిన్న గాటు పడింది. పసుపు, వేపనూనె రాసి, మానేదాకా జాలీలో ఉంచి మళ్లీ వదిలాను.

నా టెన్షనంతా తిండి గురించే. రాత్రి గూట్లో మెడ కింద మేత సంచి తడిమి చూస్తున్నాను. తిన్న కోడికి అది నిమ్మకాయలా నిండుగా తగులుతుంది. మళ్లీ వదిలాక ఒక రాత్రి ఖాళీగా ఉంది. వెంటనే జాలీలో విడిగా తవుడు, నూకలు తడిపి పెట్టాను, గబగబా తినేసింది. అప్పటినుంచి పొద్దున్నే ముందు దీనికి పెట్టి, ఆ తర్వాతే మిగతావాటిని వదులుతున్నాను.

ఇప్పుడు కింది కర్ర మీద, చివర పడుకుంటోంది. పగలు పుంజు వెంటే తిరుగుతోంది. గుడ్డు ఇంకా పెట్టలేదు. చోటు మారితే కొన్నాళ్లు ఆపేయడం మామూలే. తరమడం పూర్తిగా తగ్గాక మూడో గిన్నె తీసేస్తాను. పొదుగుబుట్టకు చోటు చూడటం ఆ తర్వాతే.