ఫ్రైబెర్గ్‌లో తొంభై రోజులు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో విమానం దిగాక అల్లుడుగారు నన్ను రైలెక్కించుకుని నలభై నిమిషాల ప్రయాణం తర్వాత ఫ్రైబెర్గ్ స్టేషన్‌లో దింపేసరికి అక్టోబరు మధ్యాహ్నం మూడు గంటలైంది. నైరుతి మూలన ఉన్న పేరుమోసిన ఫ్రైబుర్గ్ కాదిది. జర్మనీ తూర్పున, శాక్సనీ రాష్ట్రంలో, నలభై వేల జనాభా ఉన్న గనుల ఊరు. బంధువులందరికీ ఇది ఎక్కడో తెలియని పేరైనా, ఒంగోలులో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన నాకు మాత్రం ఇది పాత పరిచయమే. ఇండియం, జెర్మేనియం అనే రెండు మూలకాలు బయటపడింది ఇక్కడే. పర్యాటక వీసా మీద తొంభై రోజులకు మించి ఉండనివ్వరు కనుక, మా అమ్మాయి ఇంట్లో గడపబోయే ఒక్క రోజు కూడా వృథా కాకూడదని బయలుదేరేటప్పుడే అనుకున్నాను.

వాళ్లది రెండో అంతస్తులో మూడు గదుల అద్దె ఇల్లు. ఇక్కడ అద్దెకిచ్చే ఇళ్లలో చాలావాటికి వంటగదిలో గోడలు తప్ప ఏమీ ఉండవట. పొయ్యి, సింకు, అల్మారాలు అన్నీ వీళ్లే కొని బిగించుకున్నారు. అల్లుడుగారు ఇక్కడి గనుల విశ్వవిద్యాలయంలో పరిశోధన పూర్తి చేసి, ఊరిలోనే సిలికాన్ పలకలు తయారుచేసే కర్మాగారంలో చేరారు. 1765లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ అంతటివాడు చదువుకున్నాడని, వెండి గనులు మూతపడినా రాళ్లను, లోహాలను తెలిసిన విద్య వల్లనే ఊరు నిలబడిందని ఆయన ఎంతో గౌరవంగా చెప్పారు. మా అమ్మాయి ఫార్మసీ చదివింది. ఇక్కడ ఆ పని చేయాలంటే ముందు భాష రావాలి కనుక వారానికి నాలుగు సాయంత్రాలు జర్మన్ తరగతికి వెళుతుంది.

తెల్లవారుజామున అయిదున్నరకే ఆ ఇంట్లో దీపం వెలుగుతుంది. ఒంగోలులో గిన్నెలు తోమడానికి ఒకరు, ఇల్లు తుడవడానికి ఒకరు వచ్చే ఇంట్లో పెరిగిన పిల్ల, ఇక్కడ వంట, బట్టలు, పాప బడి, తన చదువు అన్నీ ఎవరి సాయమూ లేకుండా భర్తతో సమానంగా పంచుకుని చేసుకుంటుంటే నేను కళ్లప్పగించి చూశాను. ఫోనులో రోజూ మాట్లాడుకున్నా ఈ కష్టం నాకు ఎన్నడూ తెలియనివ్వలేదు. లేవగానే ఆమె చేసే మొదటి పని, అన్ని కిటికీలూ బార్లా తెరిచి పది నిమిషాలు ఉంచడం. బయట చలి సున్నాకు దిగినా ఇది తప్పదు. లేకపోతే లోపలి తేమకు గోడలు బూజు పడతాయని అద్దె ఒప్పందంలోనే రాసి ఉందట. తాలింపు పెట్టిన ప్రతిసారీ మళ్లీ అదే పని. ఇంగువ వాసన వీధిలోకి పోతుంటే నేను శాలువా కప్పుకుని ఆ పది నిమిషాలూ వరండాలో నిలబడేదాన్ని.

ఆ చలిలో పాలు తోడుకోవు. మా అమ్మాయి తోడు వేసిన గిన్నెను ఓవెన్‌లో పెట్టి, వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వేసి ఉంచుతుంది. తెల్లారేసరికి గడ్డ పెరుగు సిద్ధం. ఇడ్లీ పిండి గిన్నెకు తువ్వాలు చుట్టి రేడియేటర్ పక్కన పెడుతుంది. బియ్యం కోసం నెలకొకసారి డ్రెస్డెన్ వెళతారు. పది కిలోల సంచి అల్లుడుగారి భుజాన, పప్పులు, చింతపండు, కరివేపాకు రెబ్బలు మా అమ్మాయి సంచిలో, ఖాళీ సీసాలు పాప చేతిలో. ఇక్కడ నీళ్ల సీసా కొన్నప్పుడు 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, ఆ చీటీ చూపిస్తే డబ్బు తిరిగి ఇస్తారు. మా మనవరాలికి ఆరేళ్లు. సీసాలు ఒక్కొక్కటిగా యంత్రంలో వేసి చీటీ తెచ్చి ఇవ్వడం ఆ ఇంట్లో ఆమె ఉద్యోగం.

నేను వచ్చిన మొదటి ఆదివారం ఒక పొరపాటు జరిగింది. అందరూ పడుకుని ఉండగా, వంటగదిలో పేరుకున్న ఖాళీ గాజు సీసాలను తీసుకెళ్లి వీధి మలుపులోని గాజు పెట్టెలో వేసి వచ్చాను. తెల్ల గాజుకు, గోధుమ రంగు గాజుకు, ఆకుపచ్చ గాజుకు వేరువేరు పెట్టెలని తెలుసు కనుక జాగ్రత్తగానే వేశాను. కింది వాటాలో ఉండే పెద్దావిడ కిటికీ తెరిచి ఏదో గట్టిగా అన్నారు. ఆదివారం ఆ పెట్టెలో సీసాలు వేయకూడదని, ఆ రోజు ఊరంతా నిశ్శబ్దం పాటిస్తుందని, దుకాణాలు కూడా మూసి ఉంటాయని మా అమ్మాయి తర్వాత చెప్పింది. నాకు రోజంతా మనసు మనసులో లేదు. సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్లి క్షమించమని అడిగాము. ఆవిడ నా చేయి పట్టుకుని లోపలికి రమ్మని, తన తోటలో కాసిన పుల్లని ఆపిల్ పళ్లు ఒక బుట్టెడు ఇచ్చి పంపారు.

ఆ పళ్లు తినడానికి మరీ పులుపు. ముక్క కొరికి చూడగానే మామిడికాయ గుర్తుకొచ్చింది. తొక్కతోనే ముక్కలు కోసి, తడి లేకుండా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, వెల్లుల్లి, నువ్వుల నూనె వేసి కలిపాను. టెంక లేదన్న మాటే గానీ మూడో రోజుకు ముక్క ఊరి, అచ్చం కొత్తావకాయ వాసన వచ్చింది. చిన్న సీసాలో కొంచెం పెట్టి ఆవిడకు పంపితే, వారం తర్వాత అదే సీసా శుభ్రంగా కడిగి, రేగుపండు రంగులో ఉన్న ప్లమ్ జామ్ నింపి, మూత మీద తేదీ రాసి గుమ్మం ముందు పెట్టి వెళ్లారు.

అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. దానితో ఒంగోలుకూ మాకూ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరిగింది. మావారు రాత్రి భోంచేసి ఫోను చేసే వేళకు ఇక్కడ పాప ఇంకా బడిలోనే ఉండేది. ఒక గంటలో ఏముందని అంటారు గానీ, తాతయ్యతో మాట్లాడే ఆ కాస్త సమయమూ పోయినందుకు పాప రెండు రోజులు అలిగింది. చివరికి ఆయనే భోజనం త్వరగా ముగించి, పొద్దున ఆమె బడికి బయలుదేరే ముందు, అక్కడ మధ్యాహ్నం పూట ఫోను చేయడం మొదలుపెట్టారు.

ఆగస్టులో పాప ఒకటో తరగతిలో చేరిన రోజున అందరు పిల్లలతో పాటు ఆమెకూ తన ఎత్తుకు దగ్గరగా ఉన్న ఆరు పలకల అట్టగొట్టం నిండా మిఠాయిలు, రంగు పెన్సిళ్లు, బొమ్మలు పెట్టి ఇచ్చారు. ఇక్కడ అక్షరాభ్యాసం లాంటి వేడుక అది. ఖాళీ గొట్టం ఇప్పటికీ బీరువా మీద ఉంది, ఎవరినీ తాకనివ్వదు. మొదట్లో నేనే బడికి దిగబెట్టేదాన్ని. నవంబరు వచ్చేసరికి తోటి పిల్లలిద్దరితో కలిసి, మెరిసే పట్టీలున్న బ్యాగు వేసుకుని, రాళ్లు పరిచిన వీధిలో తనే నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. ఆరేళ్ల పిల్లను అలా పంపడానికి నా మనసు ఒప్పుకోలేదు. కొన్నాళ్లు కిటికీలోంచి మలుపు వరకు చూస్తూ నిలబడ్డాను. రోడ్డు దాటే చోట ప్రతి కారూ ఆగడం చూశాక నెమ్మదించాను.

పాప తెలుగు చక్కగానే మాట్లాడుతుంది గానీ అంకెల దగ్గర తడబడుతుంది. జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు తర్వాత చెబుతారు. ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అన్నట్టు పలుకుతారు. అదే వరుస ఆమె తెలుగులోకీ వచ్చేసింది. సీసాల చీటీ లెక్క చెబుతూ ‘అమ్మమ్మా, అయిదూ డెబ్భై సెంట్లు’ అంటే, నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. రోజూ రాత్రి అన్నం తినిపిస్తూ ముద్దకొక అంకె చెప్పించడం మొదలుపెట్టాను.

డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. ఆ చీకటిలో ప్రతి కిటికీలోనూ విల్లులా వంగిన చెక్క దీపపు తోరణం ఒకటి వెలుగుతుంది. పొద్దు పొడవక ముందే గనిలోకి దిగి పొద్దు గుంకాక పైకి వచ్చే మనుషులు చలికాలమంతా వెలుగు చూడకుండా బతికిన ప్రాంతం కనుక, ఇక్కడివారికి కిటికీలో దీపం మీద అంత మమకారం. మా అమ్మాయి కూడా ఒకటి కొని పెట్టింది. దాని పక్కనే కార్తీకమాసంలో నేను వెలిగించిన మట్టి ప్రమిద ఉండేది.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక శనివారం పాపను వెంటబెట్టుకుని, పాత ఊరిలో రసాయన శాస్త్రవేత్త క్లెమెన్స్ వింక్లర్ స్మారకం ఉన్న వీధికి వెళ్లాను. 1885లో ఈ ఊరి దగ్గరి గనిలో దొరికిన ఒక కొత్త వెండి ఖనిజాన్ని ఆయన విశ్లేషిస్తే, వెండి, గంధకం, అన్నీ కలిపినా ప్రతిసారీ సుమారు ఏడు శాతం లెక్కకు తగ్గేది. తన లెక్క తప్పని వదిలేయకుండా నెలల తరబడి వెతికి 1886 ఫిబ్రవరిలో జెర్మేనియంను వేరు చేశాడు. మూలకాల ఆవర్తన పట్టిక రూపొందించిన మెండలీవ్ 1871లోనే ఉంటుందని చెప్పి, ఆ పట్టికలో ఖాళీ గడి వదిలిన మూలకం అది. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన కథను ఆ గోడ ముందు నిలబడి, మంచులో, ఒక్క శ్రోతకు చెప్పాను. సంచిలోంచి ఆవర్తన పట్టిక కాగితం తీసి ఆ గడి చూపించి, దాని సంఖ్య చదవమన్నాను.

‘రెండూ...’ అని ఆగింది. చేతి తొడుగు తీసి, వేలు మూడు మీద పెట్టి, తర్వాత రెండు మీదికి జరిపింది.

‘ముప్పై రెండు, అమ్మమ్మా.’