మ్యోడ్లరాయిట్ నమూనా: 1:200 స్కేలులో రెండుగా చీలిన పల్లె

బవేరియా, తురింగియా రాష్ట్రాల సరిహద్దు మీద, హోఫ్ పట్టణానికి ఉత్తరాన ఉన్న మ్యోడ్లరాయిట్ పల్లెకు నేను కడుతున్న నమూనాలో నేల, వాగు, గోడ పూర్తయ్యాయి; ఇళ్ళు సగం వరకు వచ్చాయి. సుమారు 50 మంది మాత్రమే నివసించే ఈ పల్లె నడుమ టాన్‌బాఖ్ అనే సన్నని వాగు పారుతుంది. 1949లో రెండు జర్మనీలు ఏర్పడినప్పుడు వాగుకు దక్షిణాన ఉన్న ఇళ్ళు పశ్చిమ జర్మనీకి, ఉత్తరాన ఉన్న ఇళ్ళు తూర్పు జర్మనీకి చెందాయి. బెర్లిన్‌లో లాగే ఈ పల్లెనూ తరువాత ఒక కాంక్రీటు గోడ చీల్చింది కనుక అమెరికన్ సైనికులు దీనిని ‘లిటిల్ బెర్లిన్’ అని పిలిచేవారు. ఆ పేరు వల్ల చూడవచ్చే వారంతా గోడ గురించే అడుగుతారు గాని, నమూనా కట్టేవాడికి ముందుగా ఎదురయ్యేది గోడ ఎత్తు కాదు, ఆ సరిహద్దు మింగేసిన నేల వెడల్పు. ఈసారి రాస్తున్నదంతా ఆ వెడల్పు చుట్టూనే తిరుగుతుంది.

స్కేలు ఎంపికతోనే ఈ సంగతి మొదలవుతుంది. జర్మనీలో రైలు నమూనాలు కట్టేవారు ఎక్కువగా వాడే 1:87 స్కేలులో ఇళ్ళు, చెట్లు, మనుషులు అన్నీ తయారుగా దొరుకుతాయి. కాని ఇక్కడి కాంక్రీటు గోడ పొడవు 700 మీటర్లు. ఆ లెక్కన నమూనాలో అది ఎనిమిది మీటర్లు దాటుతుంది. 1:500కు తగ్గిస్తే పొడవు 1.4 మీటర్లకు వస్తుంది గాని, ఇళ్ళు అగ్గిపుల్ల తలల్లా మిగిలిపోతాయి. అందుకని 1:200 ఎంచుకున్నాను. 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మీద 240 మీటర్లు, 120 మీటర్ల మేర పల్లె పడుతుంది. అంటే గోడలో మూడో వంతు, దానికి రెండు వైపులా ఉన్న ఇళ్ళు. అసలు నేల మీద ఒక మీటరు ఇక్కడ సరిగ్గా 5 మిల్లీమీటర్లు కనుక లెక్కలు నోటితోనే వేసుకోవచ్చు. ఈ సౌలభ్యం చిన్నదిగా కనిపించినా, ప్రతి సాయంత్రం కొంత పని చేసుకునేవారికి ఇదే అన్నిటికన్నా మేలైనదని నా అభిప్రాయం.

నేల ఎత్తుపల్లాల సమాచారం రెండు చోట్ల నుంచి తీసుకోవలసి వచ్చింది. బవేరియా సర్వే శాఖ తన భాగాన్ని, తురింగియా సర్వే శాఖ తన భాగాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్నాయి; రెండింటిలోనూ ఒక మీటరు గడులతో నేల ఎత్తుల పట్టిక దొరుకుతుంది. ఇద్దరూ వాడే భూనిర్దేశాంకాల పద్ధతి ఒకటే కాబట్టి వాగు దగ్గర రెండు పట్టికలనూ అతకడం కష్టం కాలేదు. ఆ ఎత్తులను మీటరు మీటరుకూ సమోన్నత రేఖలుగా అచ్చు వేసుకుని, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ బోర్డు మీద అంటించి, ఒక్కొక్క పొరనూ కోసి పేర్చాను. ఒక పొర అంటే సరిగ్గా ఒక మీటరు ఎత్తు. మెట్ల మాదిరిగా కనిపించే అంచులను కాగితపు గుజ్జు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి నున్నగా మెత్తాను. ఈ పని చేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ద్రావకం ఉన్న జిగురు, స్ప్రే పెయింటు రెండూ ఫోమును కరిగించేస్తాయి. నీటితో పలుచన చేసుకోగల తెల్ల జిగురు చాలు. మన దగ్గర దొరికే ఫెవికాల్ కూడా అదే పని చేస్తుంది. ప్లాస్టర్ తడికి ప్లైవుడ్ వంగకుండా పలక అడుగున కూడా అదే రోజు ఒక పూత జిగురునీళ్ళు రాయడం మంచిది.

వాగు మాత్రం నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. టాన్‌బాఖ్‌ను చాలా చోట్ల ఒక్క అంగలో దాటవచ్చు. నమూనాలో అది 5 మిల్లీమీటర్ల గాడి మాత్రమే. గాడికి అడుగున ముదురు గోధుమ రంగు, దాని మీద జల్లించిన ఇసుక, ఆ పైన మెరుపు ఉండే అక్రిలిక్ వార్నిష్ పలుచటి పొరలుగా వేశాను. ఒక పొర పూర్తిగా ఆరిన తరువాతే ఇంకొకటి వేయాలి. తొందరపడితే లోపల పాలరంగు ఉండిపోతుంది.

ఈ వాగు సరిహద్దు కావడం 1949లో కొత్తగా జరిగింది కాదు. 1810లోనే బవేరియా రాజ్యానికీ రాయిస్ సంస్థానానికీ మధ్య హద్దుగా దీని వెంట రాళ్ళు పాతారు. ఒక ముఖాన బవేరియా రాజ్యానికి గుర్తుగా కె.బి. అక్షరాలు, మరొక ముఖాన సంస్థానానికి గుర్తుగా ఎఫ్.ఆర్. అక్షరాలు చెక్కిన ఆ రాళ్ళు వాగు గట్టున ఇప్పటికీ కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత రాజ్యాలు పోయి రాష్ట్రాలు వచ్చాయి, హద్దు అక్కడే ఉంది. అయినా దాని వల్ల పల్లెకు ఇబ్బంది ఏమీ కలగలేదు. బడి, సత్రం తురింగియా వైపు ఉండేవి. ప్రార్థనకు బవేరియా వైపున ఉన్న ట్యోపెన్ చర్చికి వెళ్ళేవారు. పిల్లలు రోజూ ఒక రాష్ట్రం నుంచి ఇంకొక రాష్ట్రంలోని బడికి నడిచి వెళ్ళేవారన్నమాట. నమూనాలో ఆ సరిహద్దు రాళ్ళను ఒక మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ కడ్డీ నుంచి కోసి నిలబెట్టాను. అక్షరాలు రాయడానికి చోటు లేదు గాని, ఆ రాళ్ళు లేని మ్యోడ్లరాయిట్‌ను ఊహించలేను. నూటనలభై ఏళ్ళ పాటు ఒక హద్దు మనుషులను విడదీయకుండానే హద్దుగా ఉండగలిగిందని చెప్పే సాక్ష్యం అవే.

1952 మే నెలాఖరులో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఇదంతా మార్చింది. సరిహద్దును ఆనుకుని 10 మీటర్ల మేర చెట్టూ చేమా లేకుండా దున్నిన పట్టీ, 500 మీటర్ల రక్షణ మేఖల, 5 కిలోమీటర్ల నిషిద్ధ మండలం ఏర్పడ్డాయి. పది మీటర్ల పట్టీ నమూనాలో 5 సెంటీమీటర్లు. అంటే వాగుకు పది రెట్లు. 500 మీటర్ల మేఖల చూపించాలంటే ఉత్తరం వైపు రెండున్నర మీటర్ల బల్ల కావాలి. 5 కిలోమీటర్ల మండలం ఇరవై అయిదు మీటర్లు. మా భవనం దాటి వీధి అవతల వరుస దాకా నమూనా సాగవలసి ఉంటుంది. పల్లెలోని తూర్పు భాగం మొత్తం ఆ 500 మీటర్ల లోపలే ఉంది. అక్కడ పొలాల్లోగాని దారిలోగాని సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తిరగాలి. బయటివారు, తూర్పు జర్మనీ పౌరులే అయినా, అనుమతి పత్రం లేకుండా రాకూడదు. నమ్మదగనివారని ముద్ర పడిన వేలాది మందిని ఆ జూన్‌లో సరిహద్దు మండలాల నుంచి బలవంతంగా ఖాళీ చేయించారు. 1961 అక్టోబరులో అదే మళ్ళీ జరిగింది. సరిహద్దుకు మరీ దగ్గరగా ఉన్నాయని కొన్ని పల్లెలను పూర్తిగా కూల్చివేశారు. తురింగియా దక్షిణాన ఉన్న బిల్‌ముట్‌హౌజెన్ 1978లో అలాగే నేలమట్టమయింది. మ్యోడ్లరాయిట్ మిగిలింది, కాని తన మధ్య ఒక ఖాళీని మోస్తూ మిగిలింది.

ఆ దున్నిన పట్టీని చూపించడానికి రంగు వాడలేదు. పెరటి మట్టిని సన్నని జల్లెడ పట్టి, బూజు, పురుగు రాకుండా ఓవెన్‌లో వేడి చేసి, తెల్ల జిగురు మీద చల్లాను. జిగురు పూర్తిగా గట్టిపడక ముందే పాత టూత్ బ్రష్‌తో ఒకే దిశలో గీస్తే చాళ్ళు పడతాయి. అడుగుజాడ పడితే కనిపించాలనే ఆ నేలను అలా చదును చేసేవారు; అందుకే ఆ గీతలు తిన్నగా రావడం ముఖ్యం. కాపలా వాహనాల దారికి రెండు వరుసల కాంక్రీటు పలకలు ఉంటాయి, వాటికి రంధ్రాలు ఉంటాయి. ఈ స్కేలులో రంధ్రాలు చెక్కడం సాధ్యం కాదు కనుక, సన్నని ప్లాస్టిక్ వలను మెత్తటి పుట్టీ మీద ఒత్తి అచ్చు తీశాను. దూరం నుంచి అది సరిగ్గానే కనిపిస్తుంది.

గోడ పని అనుకున్నదానికన్నా తేలికగా అయిపోయింది. మొదట చెక్క పలకల దడి, తరువాత ముళ్ళతీగ కంచె ఉన్న చోట 1966లో మూడు మీటర్లకు పైగా ఎత్తుతో కాంక్రీటు గోడ లేచింది. నమూనాలో దాని ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లకు కాస్త పైన. అర మిల్లీమీటరు పాలిస్టైరిన్ షీటును పట్టీలుగా కోసి, గీతలు గీసి, బూడిద రంగులో చిటికెడు పసుపుమట్టి రంగు కలిపి వేశాను. రంగు పోల్చడానికి మబ్బు పట్టిన రోజున తీసిన ఫోటోలనే వాడాలి, ఎండలో కాంక్రీటు తెల్లగా కనిపిస్తుంది. 1973లో ఒకే ఒక్కరు నిచ్చెన సాయంతో ఈ గోడ దాటి పడమటికి చేరగలిగారు.

మనుషుల బొమ్మల విషయంలో మాత్రం చాలా ఆలోచించాను. వాస్తుశిల్పుల కోసం అమ్మే 1:200 బొమ్మలు ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. పడమటి వైపు నుంచి గోడను చూడడానికి జనం వచ్చేవారు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చారు. అందువల్ల ఆ గట్టున గుంపుగా నిలబడిన బొమ్మలు పెట్టాను. తూర్పు వైపు వారికి అవతలి వారిని పలకరించడం, చెయ్యి ఊపడం నిషిద్ధం. కాబట్టి ఆ వైపు బొమ్మల్లో చెయ్యి ఎత్తినవాటిని ఏరి తీసేసి, పని చేసుకుంటున్నవాటినే ఉంచాను, గోడ వైపు ముఖం తిప్పకుండా. చూసేవారిలో చాలామంది గమనించకపోవచ్చు, అయినా ఇది సరిగ్గా ఉండాలి.

పొలాల్లోనూ తేడా ఉంది. 1960 నాటికి తూర్పు జర్మనీలో రైతుల భూములు దాదాపు అన్నీ సహకార క్షేత్రాల్లో కలిసిపోయాయి. గట్లు చెరిగి పెద్ద పెద్ద కమతాలు వచ్చాయి. పడమట కుటుంబ వ్యవసాయమే కొనసాగింది. కనుక దక్షిణాన సన్నని మళ్ళు, నడుమ పొదల వరుసలు. ఉత్తరాన ఒకే రంగు విస్తీర్ణం. బజారులో దొరికే 2 మిల్లీమీటర్ల కృత్రిమ గడ్డి ఇక్కడ 40 సెంటీమీటర్ల ఎత్తు గడ్డితో సమానం, మేత మడికి సరిపోతుంది గాని కోసిన పచ్చికకు పనికిరాదు. పచ్చికకు నూరిన స్పాంజి పొడి వాడాను.

ఇళ్ళు నెమ్మదిగా సాగుతున్నాయి. పెరడు చుట్టూ ఇల్లు, పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు నిలిచే పద్ధతి ఈ ఫోగ్ట్‌లాండ్ ప్రాంతంలో మామూలు. కప్పులు ఎక్కువగా నల్లని పలకరాయితో ఉంటాయి. అట్టతో గోడలు, గీతలు గీసిన కాగితంతో కప్పులు చేస్తున్నాను. రెండు రకాల బూడిద రంగులు కలిపి వేస్తేనే పలకరాయి అనిపిస్తుంది.

సరిహద్దు పట్టీ మొత్తాన్ని పలకకు అంటించకుండా విడిగా, తీసి పెట్టగలిగేలా చేశాను. దాని స్థానంలో పెట్టడానికి 1930ల నాటి వాగుగట్టు, పచ్చిక, కాలిదారి ఉన్న ఇంకొక పట్టీ సిద్ధమవుతోంది. మూడోది నేటి పల్లెది. 1989 డిసెంబరు 9న నడిచి వెళ్ళేవారికి దారి తెరిచారు, 1990 జూన్ 17న యంత్రంతో గోడను కూల్చారు, ఒక భాగాన్ని మాత్రం మ్యూజియం కోసం ఉంచారు. ఇవాళ్టికీ ఆ పల్లెకు ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్‌లు, రెండు టెలిఫోన్ కోడ్‌లు ఉన్నాయి. వాటి మధ్య దారి మాత్రం తెరిచే ఉంది. మూడు పట్టీలూ ఒకే గాడిలో బిగుసుకోవాలంటే అడుగున చిన్న అయస్కాంతాలు అమర్చాలి; ఒక్కొక్క పట్టీకి నాలుగు సరిపోతాయి. వచ్చే నెలలో ఆ అమరిక, తూర్పు వైపున మిగిలిన ఇళ్ళ కప్పులు, కాపలా బురుజు పూర్తి చేయాలని అనుకుంటున్నాను. బురుజు కొలతలను మ్యూజియం ఆవరణలో నిలిచి ఉన్న దాని నుంచే తీసుకుంటాను.