ఎర్ర ఆయిల్ లైటు ఆరిపోయినంత మాత్రాన ఇంజన్ బాగున్నట్టు కాదు

కారు మీటర్ బోర్డులో ముక్కు చివర బొట్టు కారుతున్న ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే, ఆయిల్ కాస్త తగ్గిందని, వీలు చూసుకుని ఒక లీటరు పోయిస్తే సరిపోతుందని మా మహబూబ్‌నగర్ చుట్టుపక్కల చాలామంది అనుకుంటారు. పెట్రోలు రిజర్వుకు వచ్చినప్పుడు వెలిగే లైటునూ దీన్నీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన అపోహ ఇది. పెట్రోలు లైటు వెలిగాక కూడా తర్వాతి బంకు దాకా ధీమాగా వెళ్ళవచ్చు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగాక మాత్రం కారును పక్కకు తీయడానికి పట్టే సమయం కంటే ఒక్క నిమిషం ఎక్కువ కూడా ఇంజన్ తిరగకూడదు. ఈ తేడా తెలియక ఇంజన్ సీజ్ చేసుకున్న కార్లు మెకానిక్ షెడ్లలో కనిపించినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ లైటు ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా రాయాలనుకున్నాను.

ఆ లైటు వెనక ఉన్నది ఇంజన్ బ్లాకుకు బిగించిన ఒక చిన్న ప్రెషర్ స్విచ్. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఎన్ని లీటర్లు ఉందో దానికి తెలియదు. పంపు నెట్టిన ఆయిల్ తన దాకా ఎంత ఒత్తిడితో వచ్చిందన్నదే దానికి తెలుస్తుంది. తాళం తిప్పినప్పుడు ఇంజన్ ఇంకా తిరగడం లేదు కాబట్టి ఒత్తిడి ఉండదు, అందుకే లైటు వెలుగుతుంది. స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లలో ఒత్తిడి పెరిగి ఆరిపోతుంది. తాళం తిప్పినా ఆ గుర్తు అసలు వెలగకపోతే సంతోషించవలసింది ఏమీ లేదు. వైరు ఊడిపోయిందో, స్విచ్ పాడైందో, దారిలో ఎంత ప్రమాదం వచ్చినా ఇక మనకు చెప్పేవారు లేరని దాని అర్థం.

చాలా కార్లలో ఈ స్విచ్ ఒత్తిడి సుమారు 0.3 నుంచి 0.5 బార్‌కు (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పడిపోయాకే లైటును వెలిగిస్తుంది. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నిలబడి తిరుగుతున్నప్పుడు, ఒత్తిడి 1 బార్ ప్రాంతంలోనూ, 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) దగ్గర 3 బార్‌ల పైచిలుకూ ఉండడం సాధారణం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే లైటు ఎంత ఆలస్యంగా మాట్లాడుతుందో అర్థమవుతుంది. జడ్చర్ల దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు 3 బార్‌లు ఉండవలసిన ఒత్తిడి 1 బార్‌కు పడిపోయినా ఆ స్విచ్ లెక్కలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. ఇంజన్ ప్రధాన ఇరుసును మోసే క్రాంక్ బేరింగులకు మాత్రం ఆ ఒత్తిడి చాలదు. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోలో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే షాఫ్టుకు అసలే చాలదు. అంటే లైటు వెలగకపోవడం క్షేమానికి రుజువు కాదు. అది వెలిగిందంటే ప్రమాదం రాబోతోందని కాదు, వచ్చేసిందని తీసుకోవాలి.

ఈ మధ్య వచ్చిన కార్లలో ఈ వ్యవహారం మరికొంత మారింది. ఇంధనం ఆదా చేయడానికి, అవసరాన్ని బట్టి ఒత్తిడిని ఎక్కువ తక్కువ చేసే ఆయిల్ పంపులు పెడుతున్నారు. వాటితో పాటు రెండో స్విచ్చో, ఒత్తిడిని అంకెల్లో కొలిచే సెన్సారో ఉంటుంది. అది చెప్పినదాన్ని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, ఆ వేగంలో ఉండవలసిన ఒత్తిడితో పోల్చి చూసుకుంటుంది. కొన్ని కార్లలో ఐడిల్‌లో ఏమీ అనని లైటు, వేగం 1,500 ఆర్‌పీఎం దాటగానే బీప్ శబ్దంతో వెలగడానికి కారణం ఇదే. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగిపోయే కార్లలో, ఆ ఆగిన సేపు ఒత్తిడి సున్నా అయినా లైటు వెలగదు, ఎందుకంటే ఇంజన్‌ను ఆపింది తానేనని ఈసీయూకు తెలుసు. పాత కార్లలో స్విచ్ నేరుగా బల్బును వెలిగించేది. ఇప్పుడు మధ్యలో ఒక కంప్యూటర్ ఉంది.

ఒకసారి శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ, పాతాళగంగ వంతెన దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నాం. కారు మా బామ్మర్దిది, నడుపుతున్నదీ అతనే. ఒక గట్టి మలుపులో ఎర్ర లైటు బీప్‌మంటూ మెరిసి, కారు తిన్నగా కాగానే ఆరిపోయింది. "ఆరిపాయె గద బావా, దోమలపెంటకు పోయినంక జూద్దాం" అన్నాడు. "వద్దు, చదునుగున్న జాగల పక్కకు ఆపి ఇంజన్ బంద్ చెయ్" అన్నాను. వాలులో గేజి, అంటే ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ, సరిగ్గా చూపదు కాబట్టి చదును నేల కావలసి వచ్చింది. ఆయిల్ కిందికి దిగడానికి పది నిమిషాలు ఆగి, బోనెట్ ఎత్తి, గేజి లాగి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీశాం. కింది గీతకు ఎంతో దిగువన, కొస మాత్రమే తడిసి ఉంది. కారు కింద ఎక్కడా ఒక్క చుక్క కారిన జాడ లేదు. డిక్కీలో ఉన్న అదే గ్రేడు లీటరు డబ్బా మొత్తం పోస్తే మట్టం కింది గీతను కాస్త దాటింది. ఆ తర్వాత లైటు వెలగలేదు.

పాలమూరు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు: ఎండాకాలంలో భూమిలో నీళ్ళు తగ్గినప్పుడు బోరు ఎలా గ్యాప్ ఇచ్చి గ్యాప్ ఇచ్చి పోస్తుందో, చాంబర్‌లో ఆయిల్ తగ్గినప్పుడు పంపు కూడా అలాగే మధ్యమధ్యలో గాలి పీలుస్తుంది. మలుపులోనో, ఎత్తు ఎక్కేటప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకు జరిగి, పంపు ఆయిల్ పీల్చే గొట్టం కొసనున్న జాలీ తేలుతుంది, లైటు మెరుస్తుంది. చదును రోడ్డు మీదికి రాగానే ఆరిపోతుంది. క్షణం పాటు మెరిసి ఆరిపోయే లైటును చాలామంది వైరింగ్ లోపంగా కొట్టిపారేయడం నాకు నచ్చదు. అంత స్పష్టంగా మాట్లాడే లక్షణం ఇంజన్‌లో మరొకటి లేదు.

కారకుండానే ఆయిల్ ఎక్కడికి పోయిందన్నది సహజమైన ప్రశ్నే. ఇంజన్ కొంత తింటుంది, టర్బో ఇంజన్లు కొంచెం ఎక్కువే తింటాయి. 1,000 కిలోమీటర్లకు అర లీటరు దాకా తినడం లోపం కాదని కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది. 200 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేసుకున్నా, 10,000 కిలోమీటర్ల సర్వీసు నాటికి 2 లీటర్లు పోతుంది. ఇంజన్ పట్టేదే 3.5 లీటర్లయితే మిగిలేది సగం కూడా కాదు. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య గేజి చూసే అలవాటు తప్పిపోవడమే నా దృష్టిలో అసలు సమస్య.

పసుపు రంగు ఆయిల్ లైటు సంగతి పూర్తిగా వేరు. అది మట్టాన్ని కొలిచే సెన్సారు ఉన్న కార్లలోనే ఉంటుంది, దాని పక్కన అల గీతో, 'మిన్' అన్న అక్షరాలో కనిపిస్తాయి. కదిలే కారులో ఆయిల్ ఊగుతూ ఉంటుంది కనుక ఈసీయూ కొంతసేపటి కొలతలకు సగటు తీసి గానీ నిర్ణయానికి రాదు. అందుకే ఆయిల్ పోసిన వెంటనే ఈ లైటు ఆరకపోవచ్చు. ఇంకా వెలుగుతోంది కదా అని మరో లీటరు, దాని మీద ఇంకో అర లీటరు పోసేవారున్నారు. మట్టం పై గీతను మరీ దాటితే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది, గాలి కలిసిన ఆయిల్ ఒత్తిడిని నిలబెట్టలేదు. చివరికి ఎక్కువ పోసినందుకు ఎర్ర లైటు వెలిగే పరిస్థితి వస్తుంది. స్పానర్ గుర్తు ఈ రెండింటికీ చెందనిది. చాలా కార్లలో అది కిలోమీటర్లో, నెలలో లెక్కపెట్టి సర్వీసు వేళైందని చెబుతుంది, అంతే.

డీజిల్ కారు ఉన్నవారు గేజి మీద పెరుగుదలను కూడా గమనించాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనలతో డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు వచ్చింది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజన్లు సిలిండర్లలోకి అదనంగా డీజిల్ చల్లుతాయి. ఇంటి నుంచి ఆఫీసుకు మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆ పని మధ్యలోనే ఆగిపోతూ, మండని డీజిల్ కొంత చాంబర్‌లోకి దిగుతుంది. మట్టం పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. గేజి పై గీతను దాటి డీజిల్ వాసన వస్తే, ఆయిల్ నిండుగా ఉందని తృప్తి పడకుండా మార్పించాలి.

ఐడిల్‌లో లైటు మినుకుమినుకుమంటే, మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోయించండని సలహా ఇచ్చేవారు చాలామంది. నూరు డిగ్రీల దగ్గర 50 గ్రేడు ఆయిల్ చిక్కదనం 20 గ్రేడు కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి లైటు ఆరిపోవడం నిజమే. కానీ అరిగిన బేరింగు బాగుపడదు, మూసుకుపోయిన జాలీ తెరుచుకోదు. సన్నని సందులతో, 0డబ్ల్యూ-20 అనే పలచటి ఆయిల్ కోసమే తయారైన ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే చల్లటి ఉదయం పై భాగాలకు చేరడానికే ఆలస్యమవుతుంది. రోగాన్ని కనపడకుండా చేయడాన్ని నేను వైద్యంగా ఒప్పుకోలేను.

మట్టం సరిగ్గా ఉండి కూడా ఎర్ర లైటు వెలిగితే కారును నడపకుండా వేరే బండి మీద ఎక్కించి షెడ్డుకు తీసుకుపోవాలి. అక్కడ ముందుగా చేయించవలసిన పని ఒక్కటే. స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో ముల్లు ఉన్న ప్రెషర్ మీటరును బిగించి, ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లోనూ 2,000 ఆర్‌పీఎం దగ్గరా ఎంత చూపుతోందో మాన్యువల్‌లోని అంకెతో సరిచూడాలి. ముల్లు ఉండవలసిన చోట నిలిస్తే స్విచ్ మారిస్తే చాలు. నిలవకపోతే చాంబర్ దించి జాలీని చూడాలి. స్పీడ్ బ్రేకర్‌కో, మట్టి రోడ్డులో రాయికో తగిలి చాంబర్ లోపలికి నొక్కుకుపోయినా జాలీకి దారి మూసుకుపోతుంది. ఆయిల్‌లోనే తిరిగే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్‌లో అయితే, రాలిన బెల్టు పొట్టు కూడా అక్కడే పేరుకుని కనిపిస్తుంది.